పడగొట్టిన వేరు, లేపిన గింజ

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో, పొలాలు అయిపోయి నల్లమల మొదలయ్యే చోట, చలికాలంలో పొదల మీద ముఖమల్ గుడ్డ చుట్టినట్టున్న కాయలు వేలాడుతుంటాయి. దూలగొండి అది. తెలిసినవాళ్లు గాలివాటు చూసుకుని కాస్త ఎడంగా నడుస్తారు. వేలెడు పొడవు కాయ, రెండు కొసలూ చెరో వైపు వంపు తిరిగి ఉంటాయి. దాని మీది రాగిరంగు నూగు ఒంటికి తగిలిందంటే గీరుకోవడం తప్ప ఇంకో పని ఉండదు. నీళ్లు పోసుకుంటే దురద ఇంకా పాకుతుంది. అందుకే పల్లెల్లో పేడ పూసి, ఎండనిచ్చి, నూగుతో సహా రాల్చేస్తారు. కాయ లోపల మాత్రం నున్నటి గింజలు నాలుగైదు ఉంటాయి. వాటికి ఏ దురదా లేదు.

నీడా తేమా ఉన్న అడవి నేలను కోరుకునే మొక్క ఇంకొకటి ఉంది. సర్పగంధి అంటారు, పాతాళగంధి అని కూడా పిలుస్తారు. మోకాలి ఎత్తు పొద. కణుపుకు మూడేసి ఆకులు, ఎర్రటి కాడల మీద తెల్లటి పూలు, పండితే నల్లబడే చిన్న కాయలు. అసలు సరుకంతా భూమిలో ఉంటుంది. వంకర్లు తిరిగి, ముడతల బెరడుతో ఉండే వేరు అది. వాసన లేదు. కొరికితే మాత్రం చేదు చాలాసేపు నాలుకను వదలదు. మందు గుణం ఎక్కువగా ఉండేది ఆ బెరడులోనే, అందుకే తవ్వేవాళ్లు బెరడు ఊడకుండా జాగ్రత్తపడతారు.

ఈ రెండు మొక్కల్లో ఉండే పదార్థాలు 1957లో స్వీడన్ దేశపు లుండ్ విశ్వవిద్యాలయంలో కుందేళ్ల ఒంట్లో కలిశాయి. సర్పగంధి వేరులోని పదార్థం సూదిమందుగా ఇస్తే కుందేలు చెవులు వాల్చేసి, కదలక మెదలక కూలబడింది. తర్వాత దూలగొండి గింజలో ఉండే పదార్థమే ఇంకో సూదిగా ఇస్తే, పావుగంటలో చెవులు నిక్కించి లేచింది. మనిషికి దిగులు ఎందుకు పడుతుంది, ఒంట్లో ఏం తగ్గితే మనసు కుంగుతుంది అనే ప్రశ్నకు ప్రయోగశాలలు జవాబు వెతికిన దారి చాలావరకు ఆ సర్పగంధి వేరు వేసినదే. ఆ వేరు దిగులుకు మందు మాత్రం కాదు. ఈ సంగతి నంద్యాల, ఆళ్లగడ్డ వైపు మూలికలు కొనేవాళ్లకు తెలియాలనే ఇంత కథ చెప్పడం.

మన ఇళ్లలో దిగులును జబ్బు అనరు. మనసు బాలేదంటారు, బెంగ పెట్టుకున్నాడంటారు, అన్నం సయించడం లేదంటారు, గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. వాటితో పాటు ఇంటి వైద్యం నడుస్తుంది. సరస్వతి ఆకు నూరి పాలలో ఇస్తారు, పెన్నేరు గడ్డ పొడి రాత్రిపూట పాలలో కలుపుతారు, జటామాంసి వేరు నానబెట్టిన నీళ్లు తాగిస్తారు. ఆయుర్వేదం ఈ విషయంలో అంత గుడ్డిగా లేదు. చరకసంహిత వాతం వల్ల కలిగే ఎనభై వికారాలు చెబుతూ విషాదాన్ని అందులో చేర్చింది. ఉన్మాదానికి విడిగా ఒక అధ్యాయమే ఇచ్చింది. అరిచి, కొట్టబోయి, రాత్రంతా నిద్రపోని మనిషి వేరు, గోడవైపు తిరిగి పడుకుని పలకని మనిషి వేరు అని వైద్యులకు తెలుసు. సర్పగంధి మొదటి రకం వాళ్లది. బీహార్ బజార్లలో దాన్ని పాగల్ కీ దవా అని పేరు పెట్టి అమ్మేవాళ్లు. కళ్లెర్రజేసి తిరిగేవాణ్ని నిద్రపుచ్చే వేరు అది.

ఈ వేరును ప్రయోగశాలకు తెచ్చినవాడు హకీం అజ్మల్ ఖాన్ అనాలి. ఢిల్లీలో ఆయన కట్టించిన తిబ్బియా కాలేజీని 1921లో గాంధీజీ ప్రారంభించారు. యునానీ, ఆయుర్వేద మందులను కొత్త రసాయన శాస్త్రంతో పరీక్షించాలన్నది అజ్మల్ ఖాన్ పట్టుదల. అందుకోసం సలీముజ్జమాన్ సిద్దీఖీ అనే యువకుణ్ని జర్మనీ చదువు తర్వాత తన కాలేజీలో పరిశోధన విభాగం పెట్టమని పిలిచాడు. ఆ విభాగం పని చూడకముందే 1927లో హకీం చనిపోయాడు. సిద్దీఖీ, రఫత్ హుసేన్ సిద్దీఖీ కలిసి 1931లో సర్పగంధి వేరు నుంచి ఐదు ఆల్కలాయిడ్లను విడదీశారు. వాటిలో మొదటిదానికి అజ్మలీన్ అని పెద్దాయన పేరే పెట్టారు. గుండె లయ తప్పే ఒక జబ్బును పసిగట్టే పరీక్షలో ఇప్పటికీ దాన్ని వాడుతున్నారు. మన దేశపు హకీం ఒకాయన పేరు ఇప్పటి గుండె ఆసుపత్రుల్లో రోజూ పలుకుతున్నారన్నమాట, పలికేవాళ్లకు ఆయనెవరో తెలిసినా తెలియకపోయినా.

అదే 1931లో కలకత్తాలో కవిరాజు గణనాథ్ సేన్, డాక్టర్ కార్తీక్ చంద్ర బోస్ కలిసి ఒక వ్యాసం రాశారు. వేరు పొడి 20 నుంచి 30 గ్రెయిన్లు, అంటే సుమారు ఒకటింపావు నుంచి రెండు గ్రాములు, రోజుకు రెండుసార్లు ఇస్తే ఉన్మత్తులు నెమ్మదిస్తున్నారని, రక్తపోటు కూడా దిగుతోందని వాళ్లు గమనించారు. ఆయుర్వేదం చదివినవాడూ, ఇంగ్లీషు వైద్యం చదివినవాడూ ఒకే కాగితం మీద సంతకం పెట్టడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1933లో కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూలులో కల్నల్ చోప్రా బృందం జంతువుల మీద పరీక్షించి ఆ మాటనే బలపరిచింది.

ఒక చిక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. సిద్దీఖీ తీసిన అందమైన స్ఫటికాలు వేటికీ వేరు పొడికున్నంత నిద్ర తెచ్చే గుణం లేదు. ఆ గుణం ఎక్కడుందంటే, స్ఫటికాలు తీసేశాక మిగిలిన జిగట మడ్డిలో. దాన్ని శుభ్రం చేయడం ఎంత కష్టమంటే చాలామంది ఆ జోలికి పోలేదు. కలకత్తా వాళ్లు మడ్డిలోనే మందు ఉందని 1940ల్లో చూపించారు గానీ దాన్ని తరిచి తీసింది స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో సీబా కంపెనీ. 1952లో మ్యూలర్, ష్లిట్లర్, బైన్ అనే ముగ్గురు ఆ మడ్డి నుంచి రిసర్పిన్ తీశారు. వేరు పొడి గ్రాముల్లో తినాల్సి వచ్చేచోట ఇది మిల్లీగ్రాములో నాలుగో వంతు చాలు.

ఈలోపు బొంబాయిలో కేఈఎం ఆసుపత్రి గుండె వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో 50 మంది రక్తపోటు రోగుల అనుభవం ప్రకటించాడు. ఆయన వాడింది హిమాలయ కంపెనీ 1934 నుంచి అమ్ముతున్న సర్పినా బిళ్లలు. ఆ వ్యాసం చదివి బోస్టన్‌లో విల్కిన్స్ అనే వైద్యుడు తన రోగులకు ఇచ్చాడు. న్యూయార్క్ దగ్గరి రాక్‌లాండ్ పిచ్చాసుపత్రిలో నేథన్ క్లైన్ 1954లో ఇచ్చాడు. అప్పటిదాకా కట్టేయడం, విద్యుత్ షాకులు లాంటివి తప్ప దారి లేని వార్డుల్లో అరుపులు తగ్గాయి. 1957లో అమెరికాలో వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ బహుమతిని వకీల్‌కు, క్లైన్‌కు ఒకే ఏడాది ఇచ్చారు. అప్పటికి బీహార్‌లో ఆ వేరు అమ్మినవాళ్ల పేర్లు ఎవరూ రాసి పెట్టలేదు.

కథ ఇక్కడే మలుపు తిరిగింది. రక్తపోటుకు నెలల తరబడి, పెద్ద మోతాదులో రిసర్పిన్ తిన్న కొందరు రోగులు మెల్లగా మూగబోయారు. ఆకలి లేదు, ఆసక్తి లేదు, తెల్లవారకముందే మెలకువ, దేనికీ పనికిరానన్న ఏడుపు. 1954లో ఫ్రీస్ అనే అమెరికన్ వైద్యుడు ఆ సంగతి రాశాక అలాంటి ఉత్తరాలు చాలా వచ్చాయి. రక్తపోటు తగ్గిందని సంబరపడే లోపు మనిషే తగ్గిపోతున్నాడన్నమాట.

రిసర్పిన్ ఇచ్చిన జంతువుల మెదడులో సెరటోనిన్ అనే పదార్థం తరిగిపోతోందని 1955లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో ప్లెచర్, షోర్, బ్రోడీ చూపించారు. అది ఎలాగన్నది తర్వాత తేలింది. నరాల కొసల్లో చిన్న చిన్న తిత్తులుంటాయి. ఒక నరం ఇంకో నరానికి కబురు చెప్పే సెరటోనిన్ లాంటి పదార్థాలు వాటిలో నిలవ ఉంటాయి. రిసర్పిన్ ఆ తిత్తుల తలుపు మూసేస్తుంది, కొత్త సరుకు లోపలికి పోనివ్వదు. బయట మిగిలిన సరుకును ఒక ఎంజైమ్ ఎప్పటికప్పుడు ముక్కలు చేసి పారేస్తుంది. కొన్ని గంటల్లో తిత్తులన్నీ ఖాళీ. మెదడులో సెరటోనిన్ తరిగితే జంతువు కుంగిపోతోంది అని మొట్టమొదటిసారి కళ్లకు కనిపించింది.

ఆ తర్వాతి అడుగు ఇంకా చిత్రం. క్షయకు ఇప్రోనియజిడ్ అనే మందు అంతకు ముందే వచ్చింది. న్యూయార్క్ సీ వ్యూ ఆసుపత్రిలో 1952లో ఆ బిళ్లలు మింగిన క్షయరోగులు వరండాల్లో నాట్యాలు చేశారని పత్రికల్లో ఫొటోలు వచ్చాయి. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915 నుంచి క్షయ శానిటోరియం నడిపినవాళ్లకు ఆ ఫొటోలు ఎలా అనిపించి ఉంటాయో! తర్వాత తెలిసిందేమంటే, ఇప్రోనియజిడ్ సరిగ్గా ఆ ముక్కలు చేసే ఎంజైమ్‌నే ఆపుతుంది. జంతువులకు ముందుగా ఇప్రోనియజిడ్ ఇచ్చి, తర్వాత సర్పగంధి మందు ఇస్తే అవి కూలబడలేదు సరికదా, ఉరకలు వేశాయి. రిసర్పిన్‌తో లాస్కర్ గెలిచిన నేథన్ క్లైనే దీన్ని పట్టుకున్నాడు. ఉరకలు వేసే జంతువు ఉందంటే, కుంగిపోయిన మనిషికి దీన్నెందుకు ఇవ్వకూడదు? 1957లో ఇచ్చాడు, పనిచేసింది. దిగులుకని ప్రకటించిన మొదటి మాత్రల్లో అది ఒకటి. అదే కాలంలో స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్ ఇంకో దిగులు మందు ఇమిప్రమీన్‌ను పట్టుకున్నాడు. ఇప్రోనియజిడ్ కాలేయాన్ని దెబ్బతీస్తోందని తర్వాత మానేశారు, ఇమిప్రమీన్ సంతతి నిలిచింది.

లుండ్‌లో కుందేళ్లను లేపినవాడు అర్విద్ కార్ల్‌సన్. ఖాళీ అయింది సెరటోనిన్ తిత్తులే కాదని, డోపమీన్ కూడా పోయిందని ఆయన అనుమానం. డోపమీన్‌గా మారే ముడిసరుకు ఎల్-డోపా. అది ఎక్కిస్తే కుందేలు లేచింది. ఆయన వాడింది దూలగొండి నుంచి తీసినదని నేననడం లేదు, పదార్థం మాత్రం అదే. ఆ పదార్థం దూలగొండి గింజల్లో ఉందని 1937లో మద్రాసు విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు తేల్చి ఇంగ్లండ్ పత్రికలో అచ్చువేయించారు. అప్పటికి నంద్యాల, ఆళ్లగడ్డ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. మన కొండ పొదల్లో గీరుకోబెట్టే కాయలోని గింజకు చేసిన రసాయన పరీక్ష ఇరవై ఏళ్లు ఎవరికీ పట్టలేదు. కార్ల్‌సన్ కుందేలు లేచాకే, పార్కిన్సన్ జబ్బుకు ఎల్-డోపా మందుగా వచ్చాకే, దూలగొండికి గిరాకీ పెరిగింది. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ వచ్చింది.

ఇక మందుల కంపెనీలు చేసిన పనిలో ఒక వింత ఉంది. దిగులుకు కొత్త మందు వెతకాలంటే ముందు దిగులుపడిన జంతువు కావాలి. దానికి సులువైన దారి దొరికింది. ఎలుకకు రిసర్పిన్ ఎక్కిస్తే రెప్పలు వాలిపోతాయి, ఒళ్లు చల్లబడుతుంది, ఒక మూల కూర్చుంటుంది. ఏ పదార్థం ఆ ఎలుకను లేపితే అది పరీక్షకు నిలిచినట్టు. దశాబ్దాల పాటు దిగులు మందుల మొదటి జల్లెడ ఇదే. మన ఫార్మసీ కాలేజీల్లో సరస్వతి ఆకు, విష్ణుక్రాంత లాంటి వాటి గుణం చూడాలన్నా ఈ పద్ధతి కూడా వాడుతుంటారు. అంటే ఒక మూలికతో ఎలుకను కుంగదీసి, ఇంకో మూలికతో లేపి చూడటం. 1931లో గణనాథ్ సేన్ ఊహించని వాడుక ఇది.

రిసర్పిన్ నిజంగా దిగులు తెస్తుందా అన్న దాని మీద తర్వాత గట్టి తగాదా నడిచింది. 1955లోనే లండన్‌లో డేవిస్, షెపర్డ్ ఆందోళనతో కూడిన దిగులు రోగుల మీద రిసర్పిన్‌ను పరీక్షిస్తే మేలు కనిపించింది. ఆ ఫలితాన్ని దాదాపు అందరూ మరిచిపోయారు. 2003లో బౌమైస్టర్ బృందం పాత కాగితాలన్నీ తిరగేసి, రిసర్పిన్ వల్ల దిగులు వస్తుందన్నది చాలావరకు కట్టుకథ అన్నది. నాకైతే రెండు పక్షాలూ కొంత అతిశయించాయనిపిస్తుంది. సెరటోనిన్ తగ్గితే దిగులు అన్న సూటి లెక్క నిలవలేదు, నిజమే. కానీ ఇదివరకే దిగులుతో బాధపడినవాళ్లకు రిసర్పిన్ ఇవ్వవద్దని మందు కాగితం మీద ఇప్పటికీ రాసి ఉంటుంది. కుంగిన మనిషికి సర్పగంధి పొడి పెట్టి చూద్దామని అనుకునేవాళ్లు ఆ హెచ్చరికనే నమ్మడం మంచిది. మనసుకు మంచిదట అన్న ఒక్క మాట మీద ఆ పొడి కొనేవాళ్లు లేకపోలేదు. రక్తపోటు మందులు వేసుకునే పెద్దవాళ్లకైతే అది రెండింతల ప్రమాదం.

అడవిలో సర్పగంధి మీద కూడా దెబ్బ పడింది. వేరు కోసం తవ్వితే మొక్క మొత్తం పోతుంది. కొన్నేళ్లు పెరిగితే గానీ వేరు పనికిరాదు. 1950ల గిరాకీకి టన్నుల కొద్దీ వేళ్లు ఎగుమతయ్యాయి. ఇప్పుడది అంతరించే ప్రమాదమున్న మొక్కల, జంతువుల అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం రెండో జాబితాలో ఉంది. దూలగొండికి ఆ బాధ లేదు, గింజ కోసం తీగను చంపనక్కరలేదు.

పెన్నేరు గడ్డ, అంటే అశ్వగంధ, దాని సంగతి వేరు. రాయలసీమ మెట్ట పొలాల్లో వర్షాధారంగా కొందరు రైతులు సాగు కూడా చేస్తున్నారు. పొడి గాలిలో తట్టుకుంటుంది, నీళ్లు నిలిస్తే కుళ్లుతుంది. ఐదారు నెలలకు పైరు పీకి, వేళ్లు కోసి, మొదలు లావున్న భాగాన్నీ సన్నని తోకలనూ విడిగా ఎండబెడతారు. ధర వేరు లావును బట్టి మారుతుంది. 2000లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో భట్టాచార్య బృందం ఎలుకల మీద చేసిన పరీక్షల్లో దీని సారం ఇమిప్రమీన్‌తో పోల్చదగినట్టు పనిచేసిందని రాశారు. 2012లో హైదరాబాద్ ఆశా ఆసుపత్రిలో 64 మంది మీద పరీక్ష జరిగింది. 300 మిల్లీగ్రాముల సారం రోజుకు రెండుసార్లు, 60 రోజులు. ఒత్తిడి తగ్గింది, రక్తంలో కార్టిసోల్ కూడా తగ్గింది. ప్రపంచమంతా అశ్వగంధ బిళ్లల వెనక ఇప్పుడు చూపించే కాగితాల్లో అది ముందుంటుంది. అయితే అది ఒత్తిడి ఉన్నవాళ్ల మీద చేసిన చిన్న పరీక్ష. మంచం దిగలేని దిగులు రోగుల మీద చేసింది కాదు. డబ్బా మీద రాతలు రాసేవాళ్లు ఈ తేడా చెప్పరు.

దిగులుకు మూలికగా ఎక్కువ పరీక్షలు దాటింది యూరప్‌లో పెరిగే హైపరికం అనే పసుపు పూల మొక్క. 2008లో 29 పరీక్షలు, 5,489 మంది రోగుల లెక్కలు కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష, అది ఉత్తుత్తి బిళ్లకంటే మేలనీ, మామూలు దిగులు మాత్రలకు దీటుగా ఉందనీ తేల్చింది. అది కూడా గర్భనిరోధక మాత్రల పనిని చెడగొడుతుంది, దిగులు మాత్రలతో కలిపితే ప్రమాదం. ఆకు కదా, ఏం చేస్తుందిలే అనుకునేవాళ్లకు ఆ మొక్క చాలు.

పెన్నేరు గడ్డ తిన్నవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు వైద్య పత్రికల్లో వచ్చింది. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లు, గర్భిణులు దాని జోలికి పోకూడదు. ఇప్పటికే వాడుతుంటే, ఆళ్లగడ్డ నుంచి సుమారు 40 కిలోమీటర్లు నంద్యాల పోయి డాక్టరును చూసినప్పుడు ఆ డబ్బా కూడా చేతిలో పట్టుకుపోవడం మేలు. రెండు వారాలుగా నిద్ర లేక, దేని మీదా మనసు పోక, బతకడం ఎందుకన్న మాట నోట వస్తుంటే ఏ వేరు కోసమూ వెతకక్కరలేదు. 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. డబ్బులు పట్టవు, ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడవచ్చు.